ప్రెయిరీని లైవ్ కెమెరాల్లో చూస్తే ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు

అల్బర్టా, సస్కాచెవాన్, మానిటోబా. కెనడాలోని ఈ మూడింటినీ కలిపి ప్రెయిరీ ప్రావిన్సులు అంటారు. ప్రెయిరీ అంటే విశాలమైన గడ్డి మైదానం. కెనడా అనగానే చాలామందికి రాకీ పర్వతాలో నయాగరానో గుర్తొస్తాయి గానీ సస్కాచెవాన్ రాజధాని రెజైనా చుట్టూ ఉన్న పొలాలు గుర్తురావు. దీనికి కారణం లేకపోలేదు. ప్రెయిరీ ఒక్క ఫొటోకు లొంగదు. కింద గీత గీసినట్టు కాస్త నేల, మిగతాదంతా ఆకాశం. చూసినవాళ్లు ఇందులో ఏముందని తర్వాతి ఫొటోకు వెళ్లిపోతారు. అక్కడి అందమంతా కదలికలో ఉంది. పడమటి నుంచి వచ్చే వాన ఊరిని చేరడానికి గంట ముందే కనిపిస్తుంది. గాలి ఒక గడ్డిపాయ మీద మొదలై మైదానమంతా పాకుతుంది. దాన్ని పట్టుకోవాలంటే సమయం కావాలి, ఆ సమయాన్ని ఇచ్చేది లైవ్ వెబ్‌క్యామ్. దూరం నుంచి ప్రెయిరీని తెలుసుకోవడానికి ఇంతకు మించిన సాధనం లేదు. కాకపోతే ప్రతి కెమెరానూ ఎవరో ఒక పని కోసం పెట్టి ఉంటారు. ఆ పనేమిటో తెలిస్తేనే తెర మీది దృశ్యం పూర్తిగా అర్థమవుతుంది.

ఈ ప్రాంతం తెలుగువాళ్లకు మరీ కొత్తదేమీ కాదు. విన్నిపెగ్, సస్కటూన్, రెజైనా, ఎడ్మంటన్, క్యాల్గరీల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. మన కిరాణా కొట్లలో దొరికే ఎర్రటి మైసూరు పప్పులో కొంత సస్కాచెవాన్ పొలాల నుంచి వచ్చిందే. ప్రపంచంలో ఈ పప్పును ఎక్కువగా ఎగుమతి చేసే దేశాల్లో కెనడా ఒకటి, అక్కడి పంటలో చాలా భాగం పండేది ఈ ఒక్క ప్రావిన్సులోనే. చూడటానికి వేళ కూడా కలిసొస్తుంది. సస్కాచెవాన్‌లో దాదాపు అంతటా వేసవికి ఒకలా, చలికాలానికి ఒకలా గడియారాలు మార్చరు. మనకూ వాళ్లకూ ఏడాది పొడవునా పదకొండున్నర గంటల తేడా. హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదైతే రెజైనాలో ఉదయం తొమ్మిదిన్నర. ఇక్కడ అన్నం తిని ఫోన్ పట్టుకునే వేళకు అక్కడ బాగా తెల్లవారి ఉంటుంది. జూన్‌లో అయితే మన ఉదయం ఏడింటికి చూసినా అక్కడ సాయంత్రం ఏడున్నర, ఇంకా మంచి ఎండే.

ముందుగా చూడాల్సినవి రోడ్డు కెమెరాలు. పర్యాటకానికి వీటితో సంబంధం లేదు కాబట్టి వీటిలో అలంకరణ ఉండదు. సస్కాచెవాన్‌లో హైవే హాట్‌లైన్, అల్బర్టా, మానిటోబాల్లో 511 అనే ప్రభుత్వ సేవలు ముఖ్యమైన రహదారుల మీద కెమెరాలు పెట్టి ఎవరైనా చూసే వీలు కల్పిస్తున్నాయి. వీటిలో చాలావరకు వీడియో కాదు, కొన్ని నిమిషాలకోసారి మారే ఫొటో. లైవ్ అంటే వీడియోనే అనుకునేవాళ్లకు మొదట నిరాశగా అనిపించవచ్చు. కానీ మొబైల్ సిగ్నలే సరిగా అందని చోట నెలల తరబడి చలికి తట్టుకుని పనిచేయాల్సిన కెమెరాకు ఫొటో పంపడమే సులువు, అది చాలు కూడా.

జనవరిలో ట్రాన్స్ కెనడా హైవే మీది ఒక కెమెరాను తీసుకోండి. ఆకాశం నీలంగా ఉంటుంది, ఎండ కాస్తూ ఉంటుంది, మంచు కురుస్తున్న జాడే ఉండదు. అయినా రోడ్డు కనిపించదు. టైర్ల ఎత్తున తెల్లటి పొర ఒకటి అడ్డంగా జారుతూ పోతుంటుంది. ఎప్పుడో పడిన పొడి మంచును గాలి నేల మీంచి లేపి తోసుకుపోతోందన్నమాట. అడ్డుకోవడానికి చెట్టు లేదు, గుట్ట లేదు. పై నుంచి ఏమీ కురవకపోయినా దారి మూసేయాల్సి రావడానికి కారణం ఇదే. అలాంటి రోజు హాట్‌లైన్ మ్యాపులో ఆ రోడ్డుకు 'ప్రయాణం మంచిది కాదు' అన్న గుర్తు పడుతుంది. అక్కడివాళ్లు బయలుదేరేముందు ఈ కెమెరాలు చూసుకోవడం మామూలు అలవాటు. విన్నిపెగ్ నుంచి రెజైనాకు దాదాపు 575 కిలోమీటర్లు. మైనస్ 30 డిగ్రీల్లో దారి మధ్యలో కారు ఆగిపోతే ప్రాణానికే ప్రమాదం. పిల్లలు అక్కడ ఉంటే ఇక్కడి తల్లిదండ్రులకు వాతావరణ యాప్‌లో 'మైనస్ 32' అని చూడగానే టెన్షన్ పట్టుకుంటుంది. ఆ అంకె పక్కన రోడ్డు ఫొటో కూడా చూస్తే, దాన్ని గీకి శుభ్రం చేసే బండ్లు వచ్చాయో లేదో, ట్రాఫిక్ నడుస్తోందో లేదో తెలుస్తుంది. భయానికి ఒక హద్దు దొరుకుతుంది.

క్యాల్గరీ వైపు కెమెరాల్లో ఇంకో రకం గాలి కనిపిస్తుంది. పసిఫిక్ మీంచి వచ్చే గాలి రాకీల అవతలి వాలు మీద తన తేమంతా వదిలేసి, ఇవతలికి దిగేటప్పుడు ఒత్తిడికి వేడెక్కుతుంది. దీన్ని చినూక్ అంటారు. చినూక్ వచ్చే రోజున పడమటి దిక్కున మబ్బు విల్లులా వంగి, దాని కింద నీలి ఆకాశం పట్టీలా తేలుతుంది. కెమెరా పడమటికి తిరిగి ఉంటే ఈ విల్లు స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత గంటల్లోనే నేల మీది మంచు నీళ్లవుతుంది. 1962 జనవరిలో అల్బర్టాలోని పిన్చర్ క్రీక్ దగ్గర ఒక్క గంటలో ఉష్ణోగ్రత మైనస్ 19 నుంచి 22 డిగ్రీలకు ఎగబాకినట్టు రికార్డుంది.

ఇంత చదునైన నేల ఎలా వచ్చిందన్నది కెమెరా చెప్పదు. విన్నిపెగ్ చుట్టూ కనిపించే ఆ తివాచీ లాంటి నేల ఒకప్పటి అగాసీ సరస్సు అడుగు. మంచుయుగం చివర కరిగిన హిమనదాల నీరు నిలిచి, ఇప్పటి మహా సరస్సులకన్నా పెద్ద సరస్సు అయింది. అది ఖాళీ అయ్యాక మిగిలిన మెత్తటి ఒండ్రు మీదే ఇప్పుడు గోధుమ, కనోలా అనే నూనెగింజ పండుతున్నాయి. పడమటికి పోయేకొద్దీ నేల ఎండుతుంది. 1857 నుంచి 1860 వరకు ఇక్కడ తిరిగిన అన్వేషకుడు జాన్ పాలిసర్ దక్షిణ భాగం వ్యవసాయానికి పనికిరాదని రాశాడు. అయినా రైలు వేశారు, భూములు పంచారు. 1930లలో కరవు వచ్చి దుమ్ము లేచినప్పుడు వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచిపోయాయి. జూలైలో హైవే కెమెరాలో రోడ్డుకు రెండు పక్కలా కనోలా పసుపు పచ్చగా పూసి ఉంటే ఆ కరవు ఛాయ ఎక్కడా కనబడదు. కనిపించేది ఒకటుంది. దూరాన ఒంటరిగా నిలబడ్డ ధాన్యపు ఎలివేటర్. రైలు పట్టాల పక్కన చెక్కతో ఎత్తుగా కట్టిన ఈ గోదాములు 1930లలో పడమటి కెనడాలో 5,700కు పైగా ఉండేవి. తర్వాత లారీలు, పెద్ద కాంక్రీటు టెర్మినళ్లు వచ్చి వాటిని మింగేశాయి. చాలా ఊళ్లలో ఎలివేటర్ కూల్చేశాక ఊరే పోయింది.

జంతువుల విషయానికి వస్తే సస్కాచెవాన్ దక్షిణ కొసన అమెరికా సరిహద్దుకు ఆనుకుని ఉన్న గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుతో మొదలుపెట్టాలి. అన్నెన్‌బర్గ్ ఫౌండేషన్ నడిపే ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్ ఇక్కడి బైసన్ల (ఉత్తర అమెరికా అడవి దున్నల) మీద లైవ్ కెమెరాలు నడిపింది. తెరిచిన వెంటనే బైసన్ కనబడాలని రూలేం లేదు. చాలాసార్లు ఒట్టి గడ్డే ఉంటుంది. ఆ గడ్డిని కూడా చూడాలి. ఒకప్పటి ప్రెయిరీలో దున్నకుండా మిగిలినది చాలా తక్కువ. సస్కాచెవాన్‌లో సహజమైన గడ్డినేల ఐదో వంతు కూడా లేదు. మానిటోబాలో నిలువెత్తు పెరిగే గడ్డి ఉన్న ప్రెయిరీలో ఒక శాతమైనా మిగల్లేదు. తెర మీద ఖాళీగా అనిపించే ఆ నేల నిజానికి ఖండంలోనే అరుదైన వాటిలో ఒకటి.

బైసన్లు వచ్చినప్పుడు గమనించాల్సింది అవి దుమ్ములో పొర్లడం. తొమ్మిది వందల కిలోల మగ బైసన్ ముందు కాళ్లు మడిచి కూలబడి, ఒక పక్కకు వాలి, నాలుగు కాళ్లూ గాల్లోకి తన్నుతూ వీపును నేలకేసి రుద్దుతుంది. లేచి విదిలించుకుంటే దుమ్ము మబ్బులా లేచి గాలివాటున సాగుతుంది. ఈగల బాధ పోగొట్టుకోవడానికి, ఊడే పాత బొచ్చును వదిలించుకోవడానికి, మగవాటికైతే తమ వాసన వదలడానికి ఈ పని చేస్తాయి. మళ్లీ మళ్లీ అదే చోట పొర్లితే అక్కడ గడ్డి పోయి పళ్లెంలాంటి గుంట పడుతుంది. వానాకాలంలో దానిలో నీళ్లు నిలిచి కప్పలకు, మొక్కలకు చోటవుతుంది. సస్కటూన్ పక్కన వానుస్కీవిన్ అనే వారసత్వ పార్కుంది. ఆదివాసీ జాతులు వేల ఏళ్లుగా వేటకు, విడిదికి వచ్చిన లోయ అది. 2019 చివర్లో అక్కడికి బైసన్లను తీసుకొచ్చారు. మరుసటి ఏడాది అవి పొర్లి పొర్లి మట్టి గీకిన చోట, పూర్వులు బొమ్మలు చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా తవ్వుతున్న చోటే అది. వాళ్లకు దొరకనివి వాటి వీపుల కింద దొరికాయి.

ఈ జంతువులు ఇక్కడ తిరగడమే ఒక పెద్ద కథ. కోట్లలో ఉండే మైదానపు బైసన్లను 1880ల నాటికి దాదాపు తుడిచిపెట్టేశారు. వాటినే నమ్ముకుని బతికిన క్రీ, బ్లాక్‌ఫుట్ తదితర జాతులు ఆకలికి గురయ్యాయి, ఆ ఆకలిలోనే ఒప్పందాలకు తలొగ్గి రిజర్వులకు, అంటే ప్రభుత్వం వాళ్లకు కేటాయించిన భూములకు చేరాయి. మోంటానాలో బతికి బట్టకట్టిన ఒక మందను కెనడా ప్రభుత్వం 1907 నుంచి కొని రైళ్లలో తెచ్చింది. ఎడ్మంటన్ దగ్గరి ఎల్క్ ఐలాండ్ పార్కులో వాటి సంతతి పెరిగింది. అక్కడి నుంచి 2005 డిసెంబర్‌లో 71 బైసన్లు గ్రాస్‌ల్యాండ్స్‌కు వచ్చాయి. అంటే ఏప్రిల్, మే నెలల్లో కెమెరా ముందు తల్లి వెంట తడబడుతూ నడిచే ఆ ఎర్రటి దూడ వందేళ్ల పైబడిన రైలు ప్రయాణాలకు వారసురాలు.

నగర కెమెరాలు చాలావరకు విసుగు పుట్టిస్తాయి. కూడళ్లు, పార్కింగ్ స్థలాలు, యూనివర్సిటీల ఆవరణలు. కానీ రెజైనాలో వాస్కానా సరస్సు ఒడ్డున ఉన్న శాసనసభ భవనం ఏ కెమెరాలోనైనా కనిపిస్తే కాసేపు ఆగాలి. 1912లో పూర్తయిన ఆ గుమ్మటం, చుట్టూ చేత్తో నాటిన చెట్లు, మనుషులు తవ్విన సరస్సు. ఊరు పుట్టకముందు ఇదే వాగు ఒడ్డున బైసన్ ఎముకల గుట్టలుండేవి. వేటగాళ్లు వాటిని పేర్చి పెట్టేవారు, తర్వాత వ్యాపారులు ఎరువుల కోసం రైలు పెట్టెల్లో నింపి పంపేశారు. గ్రాస్‌ల్యాండ్స్ కెమెరానూ రెజైనా కెమెరానూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చరిత్రకు రెండు చివరలు కనిపిస్తాయి.

సస్కటూన్‌లో నది మీది చిన్న ఆనకట్ట దగ్గరకు ప్రతి వసంతంలో తెల్ల గూడబాతులు వస్తాయి. మన నేలపట్టులో, కొల్లేరులో గూడబాతుల్ని చూసినవాళ్లకు వాటి ఈత, ముక్కు కింది సంచి కొత్తేమీ కాదు. మంచు ముక్కలు తేలే నీళ్లలో వాటిని చూడటమే వింత. ఆ ఏడాది మొదటి గూడబాతు ఏ రోజు దిగుతుందో ఊహించే పోటీ కూడా ఆ ఊళ్లో జరుగుతుంది.

నగరాల్లో అన్నిటికన్నా విలువైనవి మాత్రం డేగ గూళ్ల కెమెరాలు. విన్నిపెగ్‌లో పోర్టేజ్ అవెన్యూలోని ఒక హోటల్ పైన, ఎడ్మంటన్‌లో యూనివర్సిటీ భవనం పైన, ఇంకా కొన్ని చోట్ల పెరెగ్రిన్ డేగలు గూడు పెడతాయి. గూడంటే పుల్లల అల్లిక కూడా కాదు, కంకర పరిచిన పెట్టె. ఏప్రిల్, మే నెలల్లో మూడు నాలుగు గుడ్లు, నెల పైచిలుకు పొదుగు, పిల్లలు బయటికొచ్చాక సుమారు నలభై రోజులకు మొదటి ఎగురు. ఆ నలభై రోజుల్లో తెల్లటి దూది ఉండ లాంటి పిల్ల కెమెరా ముందే డేగ అవుతుంది. తల్లి పావురాన్ని తెచ్చి, ఈకలు పీకి, గోరంత ముక్క తుంచి, ముక్కు పక్కకు వంచి పిల్ల నోట్లో పెట్టే తీరు చూస్తే, గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో వేట మీదికి దూకే పక్షి ఇదేనా అనిపిస్తుంది.

ఈ పెట్టెల వెనక ఒక విషాదం ఉంది. డీడీటీ మందు పొలాల నుంచి పురుగులకు, వాటి నుంచి చిన్న పిట్టలకు, వాటి నుంచి డేగలకు చేరింది. గుడ్ల పెంకులు పలచబడి, తల్లి కూర్చుంటేనే పగిలిపోయేవి. 1970ల నాటికి కెనడా దక్షిణ ప్రాంతాల్లో ఈ డేగలు దాదాపు లేకుండా పోయాయి. అల్బర్టాలోని వెయిన్‌రైట్‌లో బంధించి పెంచిన పిల్లల్ని ఏళ్ల తరబడి నగర భవనాల మీద వదిలారు. కొండ చరియకు బదులుగా పదిహేను అంతస్తుల అంచు, తిండికి పావురాలు. 2017లో కెనడా నిపుణుల కమిటీ ఈ డేగలకు ఇక ముప్పు లేదని తేల్చింది. ఇంత మంచి వార్తను ఒక కెమెరా ఇంత స్పష్టంగా చూపించే సందర్భాలు తక్కువ. మనుషులు చేసిన తప్పు, దాన్ని దిద్దుకోవడం, రెండూ ఆ కంకర పెట్టెలోనే ఉన్నాయి.

మానిటోబా ఉత్తరాన ఉన్న చర్చిల్ నిజానికి ప్రెయిరీ కాదు. హడ్సన్ అఖాతం ఒడ్డున, తొమ్మిది వందల మంది కూడా లేని, టండ్రా అనే చలి నేల మీది ఊరు. అయినా ప్రెయిరీ ప్రావిన్సుల కెమెరాల్లో బాగా పేరున్నవాటిలో ఇక్కడివీ ఉన్నాయి. అక్టోబర్, నవంబర్ నెలల్లో సముద్రం గడ్డకట్టే వరకు ధ్రువపు ఎలుగుబంట్లు ఒడ్డున కాచుకుని ఉంటాయి. పోలార్ బేర్స్ ఇంటర్నేషనల్ అనే సంస్థ, పర్యాటక సంస్థ ఫ్రాంటియర్స్ నార్త్ కలిసి ఎత్తైన చక్రాల బండ్ల మీద కెమెరాలు పెట్టి ఎక్స్‌ప్లోర్ ద్వారా చూపిస్తాయి. జూలైలో చర్చిల్ నది ముఖద్వారానికి వేల సంఖ్యలో బెలూగా తిమింగలాలు వస్తాయి. అప్పుడు పడవకు నీళ్లలో కెమెరా, మైకు కట్టి వదులుతారు. తెల్లటి మొహాలు కెమెరా దాకా వచ్చి తల తిప్పి చూసిపోతాయి. బొమ్మ మసకగా ఉన్నా ఆ ఈలలు, కిచకిచలు వినడానికైనా దీన్ని తెరవాలి. చలికాలం రాత్రుల్లో అక్కడి పరిశోధన కేంద్రం నుంచి ఆకాశం వైపు తిప్పిన కెమెరాలో అరోరా అనే పచ్చటి ధ్రువకాంతి కనిపిస్తుంది. అది మనకు మిట్టమధ్యాహ్నం.

ఇక్కడే కెమెరా విషయంలో జాగ్రత్త పడాలి. రెండు మగ ఎలుగులు వెనక కాళ్ల మీద లేచి ఆటగా కుస్తీ పడుతుంటే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లెక్కలు వేరే మాట చెబుతాయి. హడ్సన్ అఖాతం పడమటి గుంపులో 2016 అంచనా 842 ఎలుగులు, 2021లో 618. 1980లలో వెయ్యి దాటి ఉండేవి. మంచు లేని కాలం అప్పటికన్నా మూడు నాలుగు వారాలు పెరిగింది, అన్నాళ్లూ వాటికి సీల్ వేట లేదు, ఉపవాసమే. కెమెరా ముందుకొచ్చేది బతికున్న ఎలుగు మాత్రమే. పుట్టని పిల్లలు, రాలేకపోయిన ముసలివి ఏ ఫ్రేములోనూ ఉండవు. అందుకే జంతువుల కెమెరా చూసేవాళ్లు దాని పక్కనే ఆ ఏటి మంచు మ్యాపు కూడా చూడటం అవసరం.

అసలు కెమెరాయే లేని చోట్ల సంగతి ఇంకా ముఖ్యం. బైసన్ల కథలో సగం భాగస్వాములైన ఆదివాసీ రిజర్వులు ఈ చిత్రంలో దాదాపు లేవు. మైసూరు పప్పు పండే పొలాన్ని ఎవరూ లైవ్‌లో చూపించరు. మోకాలి ఎత్తు మొక్క, ఆగస్టులో ఎండి గోధుమరంగుకు మారుతుంది, కంబైన్ వచ్చి కోసుకుపోతుంది. ఆ పంట వాంకూవర్ రేవుకు రైళ్లలో వెళుతుంటే ఏ రైలు కెమెరాలోనో పెట్టెలు మాత్రం కనిపిస్తాయి. పొలాల మధ్య హిమనదాలు వదిలిపోయిన లక్షల నీటి గుంటల మీదా కెమెరాలు అరుదే. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా పిల్లలు పెట్టేది ఇలాంటి గుంటల ప్రాంతంలోనే. వలస పక్షుల కోసం ఖండంలోనే మొట్టమొదటి సంరక్షణ ప్రాంతాన్ని 1887లో సస్కాచెవాన్‌లోని లాస్ట్ మౌంటెన్ సరస్సు దగ్గర ఏర్పాటు చేయడం ఊరికే జరగలేదు. ఇప్పుడు ఆ గుంటల్ని కాలువలు తవ్వి ఎండగట్టి సాగులోకి తేవడం మీద అక్కడ రైతులకూ పర్యావరణవాదులకూ పెద్ద తగువే నడుస్తోంది. ఒక గుంట ఎండితే పక్క పొలంలో వరద పెరుగుతుంది, కింది సరస్సులోకి ఎరువులు చేరతాయి, బాతులు ఇంకో చోటు వెతుక్కోవాలి. ఎలుగుబంటి ముందు పెట్టినన్ని కెమెరాల్లో పదో వంతైనా, ఏప్రిల్‌లో మంచు కరిగే వేళ ఇలాంటి ఒక గుంట ఒడ్డున పెట్టాలి. ఖర్చు పెద్దగా ఉండదు, ఒక సోలార్ పలక, ఒక స్తంభం, పొలం యజమాని అనుమతి చాలు. ఏ గుంటను ఎప్పుడు ఎండగట్టారో చూసినవాళ్లు ఉంటారు.